గడియారాల సందుకు వెళ్లిన బస్సు

గున్‌తేకి మొదటి వాచీ దొరికింది కూలగొట్టిన ఇంట్లో. ఆ రోజు సియోల్ ఉత్తరాన కొండవాలు పేటలో ఒక వరస ఇళ్లు ఖాళీ చేయించారు. తలుపు గడియ తియ్యనని మొండికేసిన ముసలావిడని జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చింది అతనే. ఆమె గోళ్లు అతని మెడ మీద చారలు చారలుగా తోలు లేపేశాయి. మధ్యాహ్నం యంత్రం వచ్చి గోడలు పడగొట్టాక, పెంకుల మధ్య బోర్లా పడి ఉన్న సొరుగులో అతనికి ఒక పాత చేతి గడియారం కనిపించింది. అద్దం మీద గీతలు. ముళ్లు ఆగిపోయి ఉన్నాయి. చుట్టూ చూసి జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో అప్పుడతనికే తెలియదు.

గున్‌తే ఒకప్పుడు కుస్తీవాడు. ఇరవైల్లో తన జిల్లా పోటీలో గెలిచి బహుమతిగా ఎద్దును తోలుకొచ్చినవాడు. మోకాలు పోయాక కుస్తీ పోయింది. అదే తాలింఖానాలో తనకంటే ముందు నేర్చుకున్న నామ్‌గుంగ్ అనే పెద్దవాడు అతన్ని పిలిచి పని ఇచ్చాడు. పాత పేటలు పడగొట్టి పెద్ద భవనాలు కట్టేవాళ్లకి, కదలని జనాన్ని కదిలించి పెట్టే కంపెనీ అది. నామ్‌గుంగ్ ఆ ముఠాకి నాయకుడు. గున్‌తే అతన్ని 'అన్నా' అనేవాడు. అన్న కొట్టమంటే కొట్టేవాడు, ఆగమంటే ఆగేవాడు. పదేళ్లు పైబడి అతని బతుకు అదే. పెళ్లాం మొదట్లోనే పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు అతని చేతుల వైపు తప్ప మొహం వైపు చూడలేదు.

జేబులోని వాచీ సంగతి తేల్చుకుందామని ఒక ఆదివారం జొంగ్నో వీధి వెనకున్న గడియారాల సందుకు వెళ్లాడు. మనిషి అడ్డంగా తిరిగితే గాని నడవలేని సందు. రెండు పక్కలా అద్దాల పెట్టెలు, వాటి వెనక కంటికి భూతద్దం బిగించుకుని వంగి కూర్చున్న మనుషులు. అందరికంటే చివర ఓక్ మాస్టారి కొట్టు. ముందు గల్లా దగ్గర ఆయన భార్య వొల్సున్ వాచీ పట్టీలూ బ్యాటరీలూ అమ్ముతుంది. లోపల, సామాను కదలకుండా పట్టే ఇనప వైసు బిగించిన బల్ల ముందు ఆయన.

మాస్టారు వాచీ వెనక మూత తెరిచి చాలాసేపు చూశాడు. ఎవరిదని అడిగాడు. మా మేనమామదని గున్‌తే చెప్పాడు.

"మీ మేనమామ దీన్ని ప్రాణంలా చూసుకున్నాడయ్యా. మూత లోపల చూడు, బాగుచేసిన ప్రతివాడూ ఒక చిన్న గుర్తు గీకి వెళ్తాడు. ఎన్ని గుర్తులున్నాయో చూడు."

భూతద్దంలోంచి చూస్తే ఇత్తడి చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మాస్టారు ఒక చుక్క నూనె వేసి, సన్నటి చక్రాన్ని పట్టకారు మొనతో తాకాడు. అది కదిలింది. గుండె కొట్టుకున్నట్టు ఇటూ అటూ ఊగడం మొదలెట్టింది. గున్‌తే ఇంకా దగ్గరికి వంగాడు. తన చేతి కింద విరిగినవి ఎన్నో చూశాడు గాని, విరిగింది మళ్లీ బతకడం అతను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత వీలు దొరికినప్పుడల్లా అక్కడికే. వొల్సున్ మొదట భయపడింది గాని, కుస్తీలో ఎద్దును గెల్చుకున్నాడని విన్నాక అతనికి 'ఎద్దు' అని పేరు పెట్టి ఆటపట్టించేది. "ఒరే ఎద్దూ, ఆ వేళ్లతో స్క్రూ పట్టుకుంటావా? ముందు ముల్లంగి పట్టుకోవడం నేర్చుకో," అనేది. కాగితం కప్పులో కాఫీ కలిపి ఇచ్చేది. ఏం పని చేస్తావని ఒకసారి అడిగితే ఇళ్లు ఖాళీ చేసే పనని చెప్పాడు. సామాన్లు మోసే కూలీ అనుకుందామె. అతను సరిదిద్దలేదు.

పాత వాచీని ఎలా పోల్చుకోవాలో మాస్టారు కొంచెం కొంచెంగా చెప్పేవాడు. మెరుస్తున్నదాన్ని నమ్మొద్దనేవాడు. నలభై ఏళ్ల డయల్ తెల్లగా ఉందంటే ఎవడో మళ్లీ రంగు వేశాడని అర్థం. పేరులోని అక్షరాలు లావుగా, అంచులు చెదిరి ఉంటే అది ఫ్యాక్టరీలో వేసింది కాదు. నిమిషాల గీతలు అంకెలకి సరిగ్గా ఎదురుగా నిలబడకపోతే అది కూడా అంతే. ఒక వాచీ ఒళ్లు, ఇంకోదాని గుండె, మూడోదాని ముళ్లు కలిపి ఒకటిగా అమ్మేవాళ్లు ఉంటారు. అందుకే మూత తెరవనివ్వని వాడి దగ్గర కొనొద్దు.

ఇంత విన్నా గున్‌తే మోసపోయాడు. దొంగ్‌మ్యో పాత సామాన్ల సంతలో నేల మీద గుడ్డ పరుచుకుని అమ్మే ఒకడి దగ్గర స్విస్ వాచీ కొని, గర్వంగా తెచ్చి చూపించాడు. మాస్టారు భూతద్దం కూడా పెట్టుకోకుండా రంగు వేసిన డయల్ అని చెప్పేశాడు. గున్‌తే మొహం కందిపోయింది. అది గమనించి మాస్టారు, మొదటి మోసం ప్రతివాడికీ జరుగుతుందనీ, అది చూపు నేర్చుకోవడానికి కట్టిన ఫీజనుకొమ్మనీ చెప్పాడు.

గున్‌తే తల ఊపాడు. కానీ అక్కణ్నించి తిన్నగా సంతకే వెళ్లాడు. అమ్మినవాడి మెడ పట్టి లేపి, మొహాన్ని పక్కనున్న ఇనప స్తంభానికి కొట్టాడు. వాడి ముక్కులోంచి రక్తం కారి గుడ్డ మీది వాచీల మీద పడింది. చుట్టూ ఉన్నవాళ్లు కదల్లేదు. వాడు ఏడుస్తూ డబ్బు తీసి ఇచ్చాడు. ఆ డబ్బు పుచ్చుకుని వస్తుంటే, దారిలో జేబులోంచి ఆ వాచీ తీసి మళ్లీ చూశాడు. ఎంత కొట్టినా డయల్ దొంగదే. ఈ సంగతి మాస్టారికి చెప్పలేదు. చెప్పకపోవడానికి సిగ్గే కారణమని అతనికి చాలాకాలం తెలియలేదు.

ఆ చలికాలం ఒక తాకట్టు కొట్టులో, విరిగిన వాచీలు కలిపి పోసిన డబ్బాలో అతనికి ఒక జపాన్ వాచీ దొరికింది. తెచ్చి బల్ల మీద పెట్టాడు గాని మాస్టారిని నోరు తెరవనివ్వలేదు. తనే చెప్పడం మొదలెట్టాడు. వెనక మూత మీది నంబరులో మొదటి అంకె సంవత్సరం, రెండోది నెల. ఎనిమిది, మూడు. అరవై ఎనిమిదో డెబ్బై ఎనిమిదో నంబరు చెప్పదు గానీ, ఈ సన్నటి అంచూ, డయల్ మీద ఈ రకం రాతా అరవైల్లోనివే. డయల్ గోధుమ రంగుకి తిరిగింది, దాన్నెవరూ ముట్టుకోలేదు. ముళ్ల మీది తుప్పూ డయల్ మీది మచ్చా ఒకే వయసువి. అంటే ఇవి కలిసే పుట్టాయి.

"అరవై ఎనిమిది, మార్చి," అన్నాడు చివరికి, పరీక్ష రాసినవాడిలా.

మాస్టారు మూత తెరిచి లోపల చూసి, మళ్లీ మూసి, భార్యని పిలిచాడు. "ఏమే, ఎద్దుకి చూపొచ్చింది."

ఆ సంతోషంలో ఆయనే ఆ వాచీకి దూడ తోలుతో పట్టీ కోసి కుట్టాడు. గున్‌తే మణికట్టుకి అమ్మకపు పట్టీలేవీ చాలవు. చివరి రంధ్రం కూడా చాలకపోతే, దానికి బాగా అవతల, కొస దగ్గర ఇంకో రంధ్రం పొడిచి, కొసని గుండ్రంగా కాకుండా కోసుగా కత్తిరించి బిగించాడు.

అప్పటికే సందులో గోడల మీద ఎర్ర రంగు రాతలు వెలిశాయి. సందంతా పడగొట్టి ఎత్తయిన భవనం కడతారట. కొట్ల యజమానులు ఒప్పుకున్నారు, అద్దెకున్నవాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లకిస్తామన్నదాంతో ఇంకెక్కడా బల్ల కూడా వేసుకోలేరు. మాస్టారి కొట్టు మీద కూడా 'కదలం' అని రాసిన ఎర్ర గుడ్డ వేలాడింది. వొల్సున్ అతనితో నవ్వుతూనే, తీరా వెళ్లగొట్టే రోజు వస్తే నువ్వే వచ్చి మా బీరువా మొయ్యాలిరా అంది. సరే పిన్నీ అన్నాడు.

గున్‌తే ఒకసారి అన్నని అడిగాడు, గడియారాల సందు మన చేతికి వస్తుందా అని. ఏం, అక్కడ ఎవత్తెనైనా చూసుకున్నావా అని నామ్‌గుంగ్ నవ్వాడు. అది వేరే కంపెనీదని చెప్పాడు. గున్‌తే నమ్మాడు. నమ్మకపోతే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది కాబట్టి నమ్మాడు.

వసంతంలో ఒక పొద్దున్నే ముఠాని బస్సు ఎక్కించారు. ఎక్కడికో చెప్పరు, ఎప్పుడూ చెప్పరు. ఎముకల సూప్ తాగి, నల్ల ముసుగులు కట్టుకుని, హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కుర్రాళ్లు కునుకుతున్నారు. బస్సు ఆగాక కిటికీలోంచి గున్‌తేకి సందు మొదట్లోని పట్టీల కొట్టు కనిపించింది. కడుపు నొప్పి అని చెప్పి బస్సులోనే ఉండిపోవచ్చు. ఇప్పుడే చెబుదామనుకున్నాడు. ముందువాడు లేచాడు, వెనకవాడు వీపు మీద తోశాడు. నామ్‌గుంగ్ మెట్టు దగ్గర నిలబడి అందరి చేతుల్లోనూ ఇనప గొట్టాలు పెడుతున్నాడు. గున్‌తే చెయ్యి చాపి తీసుకున్నాడు.

సందు మొదట్లో వాచీలవాళ్లు అడ్డంగా అద్దాల పెట్టెలు పేర్చి ఉంచారు. తలలకి ఎర్ర పట్టీలు. ముసుగులు కనపడగానే అటువైపు నుంచి బోల్టులు ఎగిరొచ్చాయి. పక్కనున్నవాడి దవడకి ఒకటి తగిలి పళ్లు రాలాయి. నామ్‌గుంగ్ మంటలార్పే సిలిండర్లు తెరవమన్నాడు. తెల్లటి పొడి సందంతా కమ్మింది. ఎవరికీ ఎవరూ కనబడలేదు, దగ్గులు వినబడ్డాయి. ఆ పొగలోంచే డాళ్లు ముందుకి తోసుకుంటూ లోపలికి పోయారు.

పెట్టెలు ఒకదాని మీద ఒకటి కూలాయి. గాజు పగిలింది. బూట్ల కింద వాచీలు చిట్లుతుంటే పేలాలు వేగుతున్నట్టు చప్పుడు. బ్యాటరీలు అమ్ముకునే ఒక కుంటాయన్ని ఇద్దరు కాళ్లు పట్టి ఈడ్చుకుపోయారు, ఆయన తల ప్రతి గడపకీ కొట్టుకుంది. చక్రాలు కడిగే పెట్రోలు డబ్బా ఒకటి ఒలికి, ఆ వాసనకి కళ్లు మండాయి. ఎవరో గున్‌తే వీపు మీద కర్ర విరగ్గొట్టారు. అతను వెనక్కి తిరక్కుండానే మోచేత్తో పొడిచాడు, మెత్తగా ఏదో తగిలి కింద పడింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తల మాత్రం ఒకటే లెక్క వేసుకుంటోంది: చివరి కొట్టు దాకా వెళ్లేలోపు ఎవరో ఒకరు వాళ్లని బయటికి తీసుకుపోయి ఉంటారు.

ఎవరూ తీసుకుపోలేదు. వొల్సున్ గల్లా మీదికెక్కి నిలబడి, చేతికందిన డబ్బాలన్నీ విసురుతోంది. ఒకడు ఆమె కాలు పట్టి లాగితే నేల మీద వెల్లకిలా పడింది. లోపల ఓక్ మాస్టారు నేల మీద కూర్చుని, రెండు చేతులూ చుట్టి బల్ల వైసుని వాటేసుకుని ఉన్నాడు. ఇద్దరు కుర్రాళ్లు నడుం పట్టి లాగినా ఆయన రాలేదు. ఒకడి చెయ్యి కొరికాడు. వాడు అరుస్తూ ఆయన చెవి మీద గుద్దాడు.

నామ్‌గుంగ్ వచ్చి చూశాడు. విసుగ్గా గున్‌తే భుజం తట్టాడు.

"ఈ ముసలాడి దగ్గరే పొద్దు గూకేట్టుంది. వేళ్ల మీద వెయ్యరా, వాడే వదుల్తాడు."

గున్‌తే కొట్టాడు. మొదటి దెబ్బ మెల్లగా వేశాడు, వదిలేస్తాడని. ఆయన వదల్లేదు. కుడిచేతి వేళ్లు ఇనుము మీద ఇంకా బిగుసుకున్నాయి. వెనక అన్న నిలబడి చూస్తున్నాడు. రెండో దెబ్బ మెల్లగా వెయ్యలేదు. ఎముకలు విరిగిన చప్పుడు అతనికి తెలుసు, ఎన్నోసార్లు విన్నదే. వేళ్లు తెరుచుకున్నాయి.

మాస్టారు నోరు తెరిచి, గాలి పీల్చుకోలేక, ఎదురుగా ఉన్న చేతి వైపు చూశాడు. గొట్టం పట్టుకున్న చేతి మణికట్టుకి వాచీ ఉంది. కోసుగా కత్తిరించిన పట్టీ, చివరి రంధ్రానికి అవతల పొడిచిన రంధ్రంలో బిగించి ఉంది. ఆయన చూపు అక్కడ ఆగి, మెల్లగా ముసుగు మీదికి లేచింది.

"ఆ పట్టీ నేను కుట్టిందే," అన్నాడు.

గొట్టం గున్‌తే చేతిలో బరువెక్కింది. వెనక వొల్సున్ లేచి మొగుడి దగ్గరికి పాకబోతోంది. నామ్‌గుంగ్ ఆమె పొట్టలో బూటుతో తన్నాడు, దారికి అడ్డొచ్చిన పిల్లిని తన్నినట్టు, మొహంలో కోపం కూడా లేకుండా.

గున్‌తే వెనక్కి తిరిగి అన్నని కొట్టాడు. మొదటి దెబ్బకే హెల్మెట్ పగిలింది. రెండోది భుజం మీద పడింది. నామ్‌గుంగ్‌కి ముందు అర్థం కాలేదు. ఒరే నేనురా, నేను అన్నాడు. గున్‌తే గొట్టం పారేసి అతని నడుం పట్టి, కుస్తీ గోదాలో పట్టినట్టే పట్టి, పైకెత్తి బల్ల అంచుకేసి కొట్టాడు. మీద కూర్చుని రెండు పిడికిళ్లతో బాదాడు. ముక్కూ కనుబొమ్మా ఒకటైపోయేదాకా బాదాడు. ఎవరి మీద కోపంతో కొడుతున్నాడో అప్పుడతనికి తెలియదు. తన చేతులు ఇంత తేలిగ్గా లేవడం, ఇంత తేలిగ్గా పడటం చూసి అతనికే భయం వేసింది. అయినా అవి ఆగలేదు.

తోటివాళ్లు తేరుకుని అతని మీద పడ్డారు. చెడిపోయిన మోకాలి మీదే కొట్టారు, ఎక్కడ కొట్టాలో వాళ్లకి తెలుసు. దవడ విరిగింది. పక్కటెముకలు విరిగాయి. ఒకడు అతని కుడిచేతిని గడప మీద పెట్టి తొక్కాడు. పొడి నిండిన నేల మీద చెంప ఆనించి పడి ఉన్న గున్‌తేకి, మాస్టారు గోడకి జారగిలబడి చితికిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కనిపించింది. ఆయన ఇటు చూడటం లేదు.

ఆసుపత్రికి కంపెనీ మనిషి ఒకడు పళ్ల బుట్ట పట్టుకుని వచ్చాడు. వాచీలవాళ్లే నిన్ను కొట్టారని చెబితే ఆసుపత్రి ఖర్చంతా మాదన్నాడు. నామ్‌గుంగ్‌కి ఒక కన్ను పోయిందని కూడా చెప్పాడు. గున్‌తే దవడకి తీగలు కట్టి ఉన్నాయి. వాడు వెళ్లేదాకా గోడకేసి చూస్తూ పడుకున్నాడు. తర్వాత విచారణకి వచ్చినవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పాడు. అన్న కన్ను పోగొట్టింది నేనే, ముసలాయన వేళ్లు విరిచింది కూడా నేనే అన్నాడు. రెండోది మిమ్మల్ని అడగలేదే అన్నారు వాళ్లు. రాసుకోండి అన్నాడు. కోర్టు రెండింటికీ శిక్ష వేసింది. నామ్‌గుంగ్ మీదా కేసు నడిచింది, అతనూ జైలుకెళ్లాడు. కంపెనీ పేరు మార్చుకుంది.

జైలు నుంచి వచ్చాక గున్‌తే సందుకి వెళ్లి చూశాడు. రేకుల ప్రహరీ లోపల గొయ్యి తవ్వుతున్నారు. ఓక్ మాస్టారి కొట్టు ఎక్కడికి పోయిందని అక్కడా ఇక్కడా అడిగితే, దగ్గర్లోని పాత భవనం నేలమాళిగలో ఉందని చెప్పారు.

గల్లా దగ్గర వొల్సున్ ఒక్కతే ఉంది. అతన్ని చూసి లేవలేదు. కాసేపటికి మూల నుంచి చీపురు తీసుకుని బయటికి వచ్చి కొట్టింది. మొహం మీద, భుజాల మీద, తలమీద, ఊపిరి అందనిదాకా కొట్టింది. పక్క కొట్లవాళ్లు చూస్తూ నిలబడ్డారు. అతను చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు.

"ఇళ్లు ఖాళీ చేసే పనన్నావు," అంది రొప్పుతూ. "అబద్ధం చెప్పలేదులే. నేనే వినలేదు."

లోపల్నించి మాస్టారు వచ్చాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగవు, పట్టకారు పట్టలేడు. ఇప్పుడు బ్యాటరీలే మారుస్తున్నాడని దారి చెప్పినవాళ్లు గున్‌తేకి ముందే చెప్పారు. గున్‌తే మోకాళ్ల మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాడు.

"లే," అన్నాడు మాస్టారు.

లేచాడు. ఆయన ఎడమ పిడికిలి బిగించి అతని నోటి మీద గుద్దాడు. ఎప్పుడూ ఎవరినీ కొట్టని మనిషి దెబ్బ అది. సరిగ్గా తగల్లేదు. ఆయన చెయ్యే నొప్పెట్టి మొహం ముడుచుకుంది. కొట్టాక ఆ పిడికిలి వైపు అసహ్యంగా చూసుకున్నాడు.

"చూశావా, నాకూ వచ్చేసింది," అన్నాడు. "ఇంక ఇక్కడికి రాకు. నువ్వు చెడ్డవాడివని కాదు. నువ్వొస్తే నేను ఇలా అవుతాను."

గున్‌తే తల వంచి దండం పెట్టి మెట్లెక్కి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు. మాస్టారు పట్టీ కుట్టిన వాచీ పోలీసుల దగ్గరే ఎక్కడో పోయింది, అతను అడగలేదు.

తూర్పు తీరాన సొక్చో రేవులో ఇప్పుడతను చేపల పెట్టెలు మోస్తున్నాడు. కుంటుతూనే మోస్తాడు. పని అయ్యాక సముద్రపు గాలిలో నిలబడి సోజు సారా తాగే గుంపులో కలవడు. ఒకసారి తాగిన పడవవాడొకడు అందరి ముందూ అతని మొహాన ఉమ్మేశాడు. గున్‌తే చొక్కా అంచుతో తుడుచుకుని పెట్టె ఎత్తుకున్నాడు. పిరికివాడని రేవులో పేరు పడింది. అతను ఆ పేరుని కాదనలేదు.

మొన్నామధ్య రేవులో స్క్విడ్‌లు ఎండబెట్టి అమ్మే హ్యాంగ్‌జా అనే ఆవిడ, అత్తగారు పోయాక పెట్టెలో దొరికిందని ఒక పాత వాచీ తెచ్చింది. సియోల్ నుంచి వచ్చిన ఎవడో మంచి రేటిస్తానన్నాడట, అమ్మెయ్యనా అని అక్కడున్నవాళ్లందరినీ అడుగుతోంది. గున్‌తే పెట్టె దించి కొంచెం దూరంలో ఆగాడు.

"ఏంటి, నీకు తెలుసా ఇవి?" అందామె, వాచీ అతని చేతికి ఇవ్వబోతూ.

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "చేతులు తడిగా ఉన్నాయక్కా. నువ్వే పట్టుకో. కొంచెం వెలుతురు వైపు తిప్పు."

ఆమె తిప్పింది. అతను వంగి, ముట్టుకోకుండా, చాలాసేపు చూశాడు. డయల్ పచ్చబడింది. అక్షరాలు సన్నగా, అంచులు తెగకుండా ఉన్నాయి. నిమిషాల గీతలు దేని చోట అవి నిలబడ్డాయి.

"అమ్మకక్కా," అన్నాడు. "అసలుదే. దీన్నెవరూ ఏమీ చెయ్యలేదు."

అని పెట్టె భుజానికెత్తుకుని మంచు గది వైపు నడిచాడు.